నీటి వంతు

ఫుంషాల్‌లో నోటరీ గది మూడో అంతస్తులో.
లిఫ్టు ఎప్పటిలాగే పని చేయదు.
మెట్ల ఆయాసం తీరకముందే కనిపించాడు
పెదనాన్న కొడుకు అబీలియో,
కిటికీ పక్క కుర్చీలో, టోపీ మోకాలికి తొడిగి.
మాటల్లేక పదకొండేళ్లయింది మాకు.
ఎందుకని అడిగితే చెరో కారణం చెబుతాం.

మేనత్త ఫిర్మీనా వీలునామా
రెండంటే రెండు కాగితాలు.
నోటరీ కళ్లజోడు తుడుచుకుని
వాతావరణ వార్తలు చదివినట్టు చదివింది.

ఇల్లు, పొరుగింటి సిడోనియాకి.
చివరి నాలుగేళ్లూ అత్తకి స్నానం చేయించింది ఆమే.
ఆ నాలుగేళ్లలో నేను వెళ్లింది ఐదుసార్లు,
ఐదోసారి శవపేటిక వెనకాల.
మేక, పలుపుతో సహా, సిడోనియా కొడుక్కి.
కొండవాలు మీది ఏడు మళ్లు,
అరటి చెట్లు, చిలగడదుంప తీగలు,
తాతల నాటి రాతి గట్లు
అబీలియోకి.
అతను టోపీ తీసి చూసుకుని
మళ్లీ మోకాలికే తొడిగాడు.

ఆ తర్వాత నా పేరు.
"కాలువలో నా వంతు నీళ్లు,
పదిహేను రోజులకొకసారి,
రాత్రి రెండింటి నుంచి మూడున్నర దాకా,
నా మేనకోడలు ఒటీలియాకి."
అంతే. కాగితం మడిచేసింది.

నాకు సెంటు భూమి లేదు.
నేనుండేది అద్దె ఫ్లాటు.
బాల్కనీలో ఒకే ఒక్క కుండీ, అందులో పుదీనా,
అదీ సగం ఎండింది.
గంటన్నర నీళ్లు ఏం చేసుకోను,
నెత్తిన పోసుకోనా?

ఈ దీవిలో మా కాలువ నీళ్లకి
మట్టితో చుట్టరికం లేదంది నోటరీ.
మడి ఒకరిది, నీళ్లు ఇంకొకరివి.
అమ్ముకోవచ్చు, కొనేవాళ్లున్నారు.
నీళ్లు లేని మళ్లని మాత్రం
ఎవరూ అడగరు.
అది విని అబీలియో మొదటిసారి
నా వైపు చూశాడు.

అత్తకి చదువు రాదు.
లెక్కలన్నీ వేళ్ల కణుపుల మీదే.
ఈ లెక్క ఎన్ని రాత్రులు వేసిందో.

నా తొమ్మిదో ఏట నన్ను నిద్రలేపి తీసుకెళ్లింది,
ఒక చేత లాంతరు, ఒక చేత తాత గడియారం.
కాలువకి అడ్డంగా రాయి పెట్టి
సందుల్లో గోనెగుడ్డ కుక్కితే
నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి
మా మళ్ల వైపు తిరిగాయి.
"నిమిషం ముందు తిప్పితే పైవాడిది దొంగిలించినట్టు,
నిమిషం ఆగితే కిందివాడిది" అంది.
ఇంకేమీ చెప్పలేదు ఆ రాత్రి.
చలికి నా పళ్లు టకటకలాడాయి.

అమ్మకానికి ఫోన్ నంబరు రాసుకున్నాను కూడా.
చేయలేదు. మంచితనం కాదు,
బేరం ఆడటం నాకు చేతకాదు.

మొదటి వంతు మంగళవారం పడింది.
ఆఖరి బస్సు దిగి
కొండ ఎక్కేసరికి
అబీలియో గట్టు మీద కూర్చుని ఉన్నాడు,
టార్చి ఆర్పేసి, బ్యాటరీ మిగులుస్తూ.
రెండింటికి రాయి ఎత్తబోయాను.
కదల్లేదు. అతనూ కదల్లేదు.
నీళ్లు నావి కదా, రాయీ నాదే.
దొర్లించి, గోరు విరగ్గొట్టుకుని,
ఎలాగో అడ్డం పెట్టాను.
నీళ్లు తిరిగాయి.

మూడో మడి గట్టుకి గండి పడింది.
ఇద్దరం బురదలోకి దిగాం.
"పార" అన్నాడు.
పదకొండేళ్ల తర్వాత మా మధ్య మొదటి మాట.
ఇచ్చాను.

మూడున్నరకి ఏడో మడి ఇంకా పొడిగానే ఉంది.
"రెండు నిమిషాలు" అన్నాడు.
"రెండే."
కింద మలుపులో ఎవరిదో లాంతరు
వంతు కోసం కాచుకుని ఉంది.
నేను గడియారం చూసి
రాయి తీసేశాను.